గట్టును పూరేళ్లకు విడిచిన మా ముత్తన్న బావ

మా ముత్తన్న బావ ఇక లేడన్న దుర్వార్త నాకు తరగతి గదిలో చేరింది. చేతిలో సుద్దముక్క పట్టుకొని కరీంనగరం బడిలో పిల్లలకు పద్యం చెబుతున్నాను. గుమ్మంలో మా అక్కగారి ఊరి మనిషి నిలబడి ఉన్నాడు. బస్సు దిగి పరుగున వచ్చినట్టున్నాడు, తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నాడు. "సారూ, జర బయటికి రా. పటేల్ పోయిండు" అన్నాడు. మా అక్కగారి ఊళ్లో పటేళ్లకు కొదువ లేదు. ఏ పటేలని అడిగాను. అడగకుండా ఉండవలసింది. "ఇంకే పటేల్ సారూ, మన పిట్టల పటేల్" అని అతడు ఏడ్చాడు.

నమ్మడం నా వల్ల కాలేదు. అంతకుముందు ఆదివారమే ఆయన మా ఇంటికి వచ్చి, నా చేత చాయ్ పెట్టించుకొని, అందులో చక్కెర తక్కువైందని నా భార్యకు ఫిర్యాదు చేసి వెళ్లాడు. ఆ రోజు పొద్దున ఎప్పటిలాగే గట్టు మీదికి పోయి వచ్చాడట. మంచం మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడట. మా అక్క చెంబుతో వచ్చేసరికి ఆ మహానుభావుడు ప్రయాణం కట్టేశాడు. ముందుగా చెప్పి రావడం గాని, చెప్పి పోవడం గాని మా బావ జీవితంలో ఎరుగడు. ఈసారీ తన పద్ధతి తప్పలేదు.

ఆయనను ఎరిగిన వారికి ఈ వ్యాసం అక్కరలేదు. ఎరుగని వారి కోసం చెబుతాను. కొండగట్టు దాటి ధర్మపురి బాట పట్టి పోతే, జొన్న చేలకు నడుమ మా అక్కగారి ఊరు. ముత్తన్న బావ ఆ ఊళ్లో ఒక కాపు. ఏ పదవీ చేయలేదు, ఏ వేదికా ఎక్కలేదు. ఆయన చేసిన ఘనకార్యం ఒక్కటే. ఆ ఊరి మట్టి మీద మాసిపోయిన పూరేడు పిట్టల జాతిని తన సొంత పొలంలో మళ్లీ నిలబెట్టాడు. పొలాల గట్లను వెడల్పు చేసి, వాటి మీద గడ్డినీ రేగు పొదలనూ పెరగనిచ్చి, ఆ నేలను పిట్టలకు విడిచిపెట్టాడు. నాలుగు గింజలు ఎక్కువ పండించడానికి గట్టును గోకి గోకి దారమంత చేసే కాలంలో ఇది చేశాడు. ఆయన పోయిన వార్త వినగానే నాకు కలిగిన మొదటి బాధ ఆయన కోసం. రెండో బాధ ఆ గట్ల కోసం. ఆ గట్లు ఇక ఉంటాయా, పోతాయా అన్నది ఆయన కొడుకు చేతిలో ఉంది. ఆ కొడుకు మనసు ట్రాక్టరు మీద ఉన్నదని నాకు తెలుసు.

అసలు కథ మొదటి నుంచి చెప్పాలి. పడుచుతనంలో మా బావ పూరేళ్లకు బంధువు కాదు, యముడు. ఆయన దగ్గర ఒక బోను ఉండేది. అందులో ఒక మగ పూరేడు. తెల్లవారకముందే బోను తీసుకుపోయి చేలో పెట్టేవాడు. చుట్టూ వెంట్రుక ఉచ్చులు పరిచేవాడు. లోపలి పిట్ట కూత వేయగానే, ఇది నా జాగా అంటూ బయటి మగపిట్టలు కయ్యానికి వచ్చి ఉచ్చుల్లో చిక్కేవి. ఆ విద్యలో ఆయనను మించినవాడు ఆ చుట్టుపట్ల లేడు. కొత్తగా పెళ్లయిన రోజుల్లో మా నాన్న కూతురిని చూడటానికి మొదటిసారి ఆ ఊరికి పోయాడు. మామకు మర్యాద చేయాలన్న ఉబలాటంతో బావ తన పొలమంతా గాలించి, కనబడిన గుంపునల్లా వలవేసి పట్టి వండించాడు. మా నాన్న తిని, "అల్లుడంటే గిట్లుండాలె" అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు మా బావను చాలాకాలం నిద్రపోనివ్వలేదని తర్వాత తెలిసింది.

పోలీసు యాక్షన్ అయిపోయి ఊళ్లు కుదుటపడిన రోజులవి. దొరల భయం తగ్గి ఎవరి నేల మీద వాళ్లకు కొత్త ఆశ పుట్టింది. అందరూ పొదలు నరికారు, బీళ్లు దున్నారు, కోత కాగానే కొయ్యకాళ్లకు నిప్పు పెట్టారు. మా బావ అందరికంటే ముందున్నాడు. మరుసటి ఏడు కోతలకు ముందు నేను అక్కను చూడబోయినప్పుడు, "రా బామ్మర్దీ, నా విద్య చూద్దువు గాని" అని చేనుకు తీసుకుపోయాడు. బోను పెట్టి ఇద్దరం గట్టు చాటున కూర్చున్నాం. బోనులో పిట్ట కూత వేసింది. మెడ వంచి విన్నది. మళ్లీ వేసింది, మళ్లీ విన్నది. పొద్దెక్కేదాకా అది పిలుస్తూనే ఉన్నది, ఎక్కడి నుంచీ బదులు లేదు. బావ చుట్ట చేతిలోనే ఆరిపోయింది. చివరికి లేచి, "దీని చుట్టాలందరినీ మీ బాపుకు పెట్టిన బామ్మర్దీ. ఇప్పుడు ఇది ఎవ్వరిని పిలుస్తది?" అన్నాడు. ఎప్పుడూ వెటకారం తప్ప ఎరుగని మనిషి మాటలో ఆ పూట వెటకారం లేదు. బోను తలుపు తీసేశాడు.

తప్పు తెలుసుకున్నవాళ్లు సాధారణంగా పశ్చాత్తాపంతో సరిపెట్టుకుంటారు. మా బావకు పశ్చాత్తాపం చాలదు, పని కావాలి. ధర్మపురి దగ్గర పడవెక్కి గోదావరి దాటి, ఆదిలాబాదు దిక్కు సంతలన్నీ తిరిగి, వలవాళ్ల దగ్గర పూరేడు జంటలను కొన్నాడు. తట్టలో పెట్టి, పైన తడిగుడ్డ కప్పి, పెళ్లిపిల్లను తెచ్చినంత జాగ్రత్తగా తెచ్చి చేలో వదిలాడు. పక్షం తిరగకుండా అన్నీ పోయాయి. కొన్ని డేగ నోట, కొన్ని గుంటనక్క నోట, మిగిలినవి ఊరి పిల్లుల నోట పడ్డాయి. మళ్లీ వెళ్లి తెచ్చాడు. మళ్లీ అదే కథ. ఊరంతా నవ్వింది. మా అక్క మాత్రం నవ్వలేదు, తిట్టింది. "ఇల్లు కట్టకుండ చుట్టాలను పిలుస్తవు. వాళ్లు యాడ కూసోవాలె? యాడ పండాలె?" అన్నది.

ఆ తిట్టే ఆయనకు గురూపదేశమైంది. ఆ మాట నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. ఇక పిట్టలను తేవడం మానేశాడు, ఇల్లు కట్టడం మొదలుపెట్టాడు. గట్టుకు అటూ ఇటూ నాలుగేసి సాళ్లు దున్నకుండా వదిలి దాన్ని వెడల్పు చేశాడు. గడ్డి కోయనివ్వలేదు, రేగు పొద నరకనివ్వలేదు. గట్టు వెంబడి సామలు చల్లి కోయకుండా విడిచాడు. కోత తర్వాత కొయ్యకాళ్లు కాల్చడం ఆపాడు. పక్క పొలాల వాళ్లు బద్ధకస్తుడన్నారు. కలుపు అంతా అక్కడి నుంచే వస్తుందన్నారు. ఆయన ఎవరితోనూ తగాదా పెట్టుకోలేదు. తన నేల సరిహద్దు దాటిన కలుపును తానే కూలిచ్చి తీయించాడు. ఎవరడిగినా ఆయన చెప్పేది ఒక్కటే మాట. "పిల్లకు పురుగు కావాలె, తల్లికి గింజ కావాలె, ఇద్దరికి దాగనీకి గడ్డి కావాలె. గీ మూడు పెట్టినంక పిలువవలసిన పని లేదు." సంస్కృత కావ్యాలు బోధించే నేను ఇంతకంటే పొందికైన వాక్యం ఒకటి చెప్పలేనని ఆయన ఎదుట ఎన్నడూ ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే ఆయన ఊళ్లో చాటింపు వేయించేవాడు.

కొన్ని ఏండ్లు ఏమీ రాలేదు. ఆ కాలంలో ఆయన సహనం చూసినవాణ్ణి కనుక గర్వంగా చెప్పుకుంటున్నాను. ప్రతి పొద్దునా గట్టు మీద ఒక రాతిపై కూర్చుని వినేవాడు. విని వచ్చి పశువులను విప్పేవాడు. తర్వాత ఒక వానకాలం, నేను వాళ్లింట్లో ఉండగానే, గట్టు మీది నుంచి ఉరికి వచ్చాడు. చెప్పులు లేవు. "లచ్చవ్వా, వచ్చినయ్! మనింటికి వచ్చినయ్!" అని మా అక్క రెండు చేతులూ పట్టుకున్నాడు. పిండి కలుపుతున్న చేతులవి. "చుట్టాలొస్తే చెప్పులు యాడ పారేసినవ్?" అని అక్క అన్నది గాని, ఆమె కండ్లలో నీళ్లు నేను చూశాను.

పిట్టలు రావడం ఒక ఎత్తు, అవి నిలవడం ఒక ఎత్తు. మా ప్రాంతంలో జొన్నకోతకు ఒక ఆచారం ఉన్నది. చేను చుట్టూ నాలుగు దిక్కుల నుంచి కోసుకుంటూ నడిమికి వస్తారు. లోపలి పిట్టలు కోత ముందు జరుగుతూ జరుగుతూ, చివరికి నడుమ మిగిలిన చిన్న ముక్కలో చిక్కుకుంటాయి. అప్పుడు కోతవాళ్లంతా కొడవళ్లు కింద పెట్టి, గొంగళ్లు పట్టుకొని చుట్టుముడతారు. కేకలు, నవ్వులు, ఒకరి మీద ఒకరు పడటం. దొరికినదంతా కోతవాళ్లదే. ఆ రాత్రి కూర వాళ్ల హక్కు, యజమాని అడగడానికి వీల్లేదు. ఒక్క పూటలో ఏడాది పొడుగునా పెరిగిన పిట్టలన్నీ పోయేవి.

బావ ఆ కోతనే తిరగేశాడు. చేను నడుమ నుంచి మొదలుపెట్టి గట్టు దిక్కుకు కోసుకురమ్మన్నాడు. కోత ముందు నడిచే పిట్ట నేరుగా గట్టు గడ్డిలోకి చేరుతుంది. కోతవాళ్లకు పెద్దది పోసవ్వ. ఆమె నోటికి ఊళ్లో అందరికీ భయమే. కొడవలి నడుముకు చెక్కి నిలబడి, "ఇదేం ఉల్టా కోత పటేలా? మా కూర గట్టెక్కి పోతుంటే మేం సూసుకుంట కోయాల్నా?" అన్నది. "కూర నా జిమ్మ పోసవ్వా. కోతకోసారి యాటను కోపిస్త" అన్నాడు బావ. మేకపోతు ఆశకు పోసవ్వ తగ్గలేదు. "యాట కూర పండుగకు తింటం, లగ్గానికి తింటం. నీ యాట మీద మేం గొంగడేసి కింద మీద పడుతమా? గా నవ్వు నువ్వు యాడికెల్లి తెస్తవు?"

మరొకడైతే నా పొలం నా ఇష్టమని గద్దించేవాడు. మా బావ ఆమె చెప్పినది న్యాయమని ఒప్పుకున్నాడు. కూర కాదు, ఆట పోతున్నదని అర్థం చేసుకున్నాడు. రెండో రోజు కొత్త కొడవలి ఒకటి తెచ్చి గట్టు మీద పెట్టి, ఎవరి సాలు నుంచి తల్లి పూరేడు పిల్లలతో గట్టెక్కుతుందో ఆ కొడవలి వాళ్లదన్నాడు. ఇక చూడాలి. ఎవరి సాలులో అలికిడి అయితే వాళ్లు అందరినీ నోరు మూయమనేవాళ్లు. నీ సాలుది కాదు నా సాలుదని తగవులు. పిట్ట బెదురుతుందని చంటిపిల్లలకు పాలిచ్చి దూరంగా పడుకోబెట్టేవాళ్లు. యాట కూర ఎటూ ఉన్నది. ఆ మొదటి కొడవలి పోసవ్వే గెలుచుకున్నది. ఆ తర్వాత పక్క ఊరి కోతకు పోయినప్పుడు, అక్కడి కాపు చుట్టుకోత కోయమంటే, "మా ఊళ్లె గిట్ల కొయ్యరు" అని ఆమె ముఖం మీద చెప్పి వచ్చిందట. ఈ సంగతి చెప్పుకొని మా బావ పొంగిపోయేవాడు. తన గట్ల గురించి కూడా అంతగా పొంగిపోవడం నేను చూడలేదు.

అధికారులతో ఆయన నేర్పు వేరే తీరు. ఒకసారి ఒక పెద్ద ఆఫీసరు తుపాకులతో జీపులో దిగాడు. పిట్టల పటేల్ పొలంలో పూరేళ్లు దండిగా ఉన్నాయని విని షికారుకు వచ్చాడు. కాదంటే కోపం, అవునంటే పిట్టలకు చావు. బావ కొత్త అల్లుడికి చేసినంత మర్యాద చేశాడు. నాటుకోడి కోయించి, కడుపు పగిలేలా పెట్టి, "నేను ముందు నడుస్త, బాట సూపిస్త" అని బయలుదేరాడు. గట్టు ఎక్కినప్పటి నుంచి ఆయనకు దగ్గు మొదలైంది. ఏం దగ్గు అది! ప్రతి పొద ముందూ ఆగి దగ్గాడు, గొంతెత్తి ఆంజనేయ దండకం చదివాడు, కర్రతో గడ్డిని బాదాడు. పిట్టలన్నీ తుపాకీకి అందని దూరంలోనే బుర్రుమని లేచిపోయాయి. ఆఫీసరు ఎండలో తిరిగి తిరిగి అలసి, పాపం పటేల్‌కు ఆరోగ్యం బాగా లేదని జాలిపడి, దవాఖానాలో చూపించుకొమ్మని చెప్పి వెళ్లాడు. జీపు మూల తిరగగానే ఆ దగ్గు ధర్మపురి నరసింహస్వామి దయవల్ల కుదిరిపోయింది.

ఆయనలో లోపాలు లేవని నేను చెప్పను. పేకముక్కల పత్తాలాటలో దొంగాట ఆడేవాడు. తన ఎద్దులను ఎవరైనా ఒక మాటంటే వారం రోజులు వాళ్లతో మాట్లాడేవాడు కాదు. నన్ను జీవితాంతం పేరు పెట్టి పిలవలేదు, మొదట "బామ్మర్దీ" అని, నేను బడిలో చేరాక "పంతులూ" అనే పిలిచాడు, ఆ పిలుపులో గౌరవం వెతికితే దొరికేది కాదు. కానీ చేసిన తప్పును దాచుకోని మనిషి. ఎవరు వచ్చి మెచ్చుకున్నా ముందుగా బోను కథ చెప్పి, తర్వాతే గట్టు చూపించేవాడు.

ఇక కొడుకు సంగతి. శంకర్ బుద్ధిమంతుడు. చదువుకున్నాడు, ఊళ్లోనే ఉండి సేద్యం చేస్తున్నాడు. బాయి మీదికి కరెంటు తెప్పించాడు, సంకర జొన్న వేశాడు. ఈ గట్ల దగ్గరే తండ్రీకొడుకులకు కుదరలేదు. పోయిన దసరాకు నా ఎదుటనే మాట వచ్చింది. "బాపూ, ఎంత భూమి గట్ల కిందనే పోతున్నది? ట్రాక్టరు మర్లనీకి జాగ లేదు. అందరు సాపు చేసుకుంటుండ్రు" అన్నాడు శంకర్. బావ కోపం తెచ్చుకుంటాడని నేను భయపడ్డాను. ఆయన చుట్ట ముట్టించుకొని, "నేనున్నన్ని దినాలు నా మాట. నా తర్వాత భూమి నీది, నిర్ణయం నీది. ఒట్టు పెట్టుమని అడుగ. నాకు మా బాపు చెప్పలే, నేను చూసి నేర్చుకున్న. నువ్వు గూడ చూసే చెప్పు" అన్నాడు. అడిగి ఉంటే కొడుకు కాదనేవాడు కాదు. అడగకపోవడం ఆయన గొప్ప. ఆ రోజు మాత్రం నాకు అది మొండితనంగా తోచింది.

ఆయనను తన చేను కొసకే సాగనంపారు. మూడో నాడు పిట్టకు పెట్టాము. ఇది మా వైపు ఆచారం. పోయినవారికి ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి దూరంగా నిలబడతాము. కాకి వచ్చి ముడితే పోయినవారి మనసు కుదుటపడ్డట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. మోదుగాకు విస్తరిలో అన్నం, యాట కూర, పక్కన కల్లు, ఆయన చుట్ట. కాకులు చెట్టు మీదనే ఉన్నాయి, ఒకటీ దిగలేదు. ఎండ ముదిరింది. పెద్దలు ఒకరి తర్వాత ఒకరు ముందుకు వచ్చి మాట ఇచ్చారు. అక్కను మంచిగ చూసుకుంటమన్నారు. ఎద్దులను అమ్మనివ్వబోమన్నారు. నేను కూడా, "బావా, ఇక చక్కెర ఎక్కువ వేయిస్తాలే" అన్నాను. కాకి దిగలేదు.

పోసవ్వ వెనక నుంచి, "పటేల్ దేని కొరకు సూస్తుండో అందరికి ఎరుకే. ఎవ్వరు అనరేంది?" అన్నది. ఎవరూ శంకర్ వైపు చూడలేదు. మా అక్క కూడా చూడలేదు. భర్త అడగనిదాన్ని తాను అడగనని ఆమె నేల చూపులు చూస్తూ నిలబడింది. ఆ క్షణంలో వాళ్లిద్దరూ ఎంత ఒక్కటో నాకు తెలిసి వచ్చింది. చాలాసేపటికి శంకర్ తలపాగా తీసి చేతిలో పట్టుకొని విస్తరి దగ్గరికి నడిచాడు. "బాపూ, గట్లు దున్ననియ్య. కోత నడుమ నుంచే కోపిస్త. కొడవలి నేనే తెస్త" అన్నాడు. ఇంకేదో అనబోయి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. కాకి దిగి ముద్ద ముట్టింది. ఆకలికే వచ్చిందేమో నాకు తెలియదు. అక్క మాత్రం ఆ మూడు రోజుల్లో మొదటిసారి కూర్చుని మంచినీళ్లు తాగింది.

పిట్టకు పెట్టిన నాడు ఇచ్చిన మాటలు ఎండిపోవడానికి ఎంతోకాలం పట్టదని నా అనుమానం. పంతుళ్లకు అనుమానం సహజం. అందుకే కర్మలన్నీ అయిపోయి, దున్నకాలు మొదలయ్యాక చెప్పకుండా ఒకసారి ఆ ఊరికి పోయాను. ముందు రోజే ట్రాక్టరు వచ్చి పోయిందన్నారు. తెల్లవారగానే చేనుకు నడిచాను. నేలంతా కొత్తగా దున్ని ఉన్నది. గట్లు గట్ల లాగే ఉన్నాయి. ట్రాక్టరు చక్రాల జాడలు గడ్డి దాకా వచ్చి, అక్కడి నుంచి మర్లి పోయాయి.

ముత్తన్న బావా! నీ వంటి మనిషిని మా ప్రాంతం మళ్లీ ఎప్పుడు కంటుందో నాకు తెలియదు. నీ లోటు తీరేది కాదు, తీరుతుందని ఎవరన్నా నేను ఒప్పుకోను. నీ బామ్మర్దినైనందుకు నేను ఎంత గర్వపడ్డానో నీవు బతికుండగా చెప్పలేదు, చెబితే నెత్తినెక్కేవాడివి. ఇప్పుడు చేతులు జోడించి చెబుతున్నాను. ఆనాడు నీ బోనులో పిట్ట పొద్దెక్కేదాకా పిలిస్తే పలికిన దిక్కు లేదు. మొన్న పొద్దున నీ గట్టు మీద ఒక పూరేడు పిలిచింది. ఆవలి గట్టు నుంచి ఇంకొకటి పలికింది. దానికి ఇంకెక్కడి నుంచో మరొకటి బదులిచ్చింది. నీవు కూర్చునే రాయి ఖాళీగా ఉంటుందని, చూడలేనని తల వంచుకొని పోయాను. నీ కొడుకు కూర్చుని వింటున్నాడు.